చైత్రమాసపు దారిఖర్చు

లేని ఖర్చు కల్పించి రాశానని నా సర్వీసు పుస్తకంలో ఎర్రసిరాతో రాశారు. రాసినాయన అప్పటికి కొండ ముఖం చూసినవాడు కాడు. కొండమీద ఉన్నవాణ్ణి నేను, ఖర్చు పెట్టినవాణ్ణి నేను, పెట్టింది పెట్టినట్టు రాసినవాణ్ణీ నేనే. ఇన్నేళ్ళయినా ఆ ఎర్రసిరా తలుచుకుంటే నాకు అన్నం సహించదు.

ఇది 1926 నాటి మాట. అరకులోయలో మా కంపెనీకి ఒక గిడ్డంగి ఉండేది. మట్టిగోడలు, గడ్డికప్పు. చుట్టుపక్కల సంతల్లో వలిసలనే నూనెగింజలు, పసుపు, చింతపండు, పిప్పళ్ళు కొని, బళ్ళమీద అనంతగిరి మీదుగా కొండదారి, అదే ఘాటీ, దింపి, శృంగవరపుకోట చేర్చి, అక్కణ్ణించి విశాఖపట్నం హెడ్డాఫీసుకు పంపడం మా పని. ఆ గిడ్డంగికి అకౌంటెంటు, తూకం వేసేవాడు, తాళం వేసేవాడు, ఎలకల్ని తరిమేవాడు, అంతా నేనొక్కణ్ణే.

బళ్ళో నేను చదివింది మూడో తరగతి. ఆ పైచదువంతా పాతకాగితాలవాడి దగ్గర కొన్న ఒక ఇంగ్లీషు పుస్తకం. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, రాసిన మహానుభావుడెవరో నాకీనాటికీ తెలీదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని మాట మాటా కూడబలుక్కుని డబుల్ ఎంట్రీ నేర్చుకున్నాను. డబుల్ ఎంట్రీ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఒకచోటినుంచి ఏదైనా వెళ్ళిందంటే మరోచోటికి చేరి ఉండాలి కదా, ఆ వెళ్ళడమూ చేరడమూ రెండూ రాయడం. డెబిట్ ఏదో క్రెడిట్ ఏదో నా బుర్రకెక్కిన రోజున పసుపు బస్తాల మధ్య ఒక్కణ్ణే గెంతులేశాను. మీరు నవ్వుకుంటే నవ్వుకోండి.

మొన్నామధ్య ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు, "తాతగారూ, మీ రోజుల్లో అకౌంటెంట్లకి పెద్ద సమస్య ఏమిటండీ?" అని అడిగాడు. కూడికలూ తీసివేతలూ అంటానని అనుకున్నాడు కాబోలు. కాదు నాయనా. మమ్మల్ని నమ్మకపోవడం. పట్టా ఉన్నవాడి తప్పు పొరపాటు, పట్టా లేనివాడి ఒప్పు కూడా అనుమానమే. నా బోటివాడికి ఆస్తి అంటూ ఉంటే అది పేరొక్కటే. ఆ పేరుమీద ఎర్రసిరా పోశారు. మరుసటేడు లెక్కలు ముగిశాక నన్ను ఉంచాలో పంపెయ్యాలో తేలుస్తామన్నారు. పంపేస్తే ఏ షావుకారు కొట్లోనూ నాకు చోటుండదు. 'కల్పించి రాసేవాడు' అన్నమాట నాకన్నా ముందే ఘాటీ దిగిపోతుంది.

ఇంతకీ ఆ ఖర్చేమిటో చెప్పాలి.

మార్చి ముగియగానే ఏడాది లెక్కల పుస్తకాలన్నీ పెట్టెలో పెట్టి, సరుకు బళ్ళతో పాటు హెడ్డాఫీసుకు తీసుకెళ్ళాలి. సరిగ్గా అప్పుడే కొండమీద చైత్రమాసం, ఇటుకల పండగ అని కొండవాళ్ళ వేట పండగ. మగవాళ్ళందరూ విల్లమ్ములు పట్టుకుని వేటకి అడివిలోకి పోతారు. ఊరు ఆడవాళ్ళది. వాళ్ళు దారికడ్డంగా వెదురుబొంగు కట్టి, చేతులు చేతులు కలిపి పాటలు పాడుతూ, వచ్చేపోయేవాళ్ళ దగ్గర పండగ డబ్బు వసూలు చేస్తారు. దాన్ని పజోరు అంటారు. అందులో దౌర్జన్యం ఏమీ లేదు. పండక్కి వాళ్ళ హక్కు అది. ఇచ్చేవాడూ నవ్వుతూ ఇవ్వాలి.

మా బండి ఆగింది. ముందు నిలబడ్డావిడ పేరు సుక్రి. నడివయసు మనిషి, ముక్కుకి మూడు పోగులు, నోట్లో అడ్డపొగ, అంటే నిప్పువైపు లోపలికి పెట్టుకున్న చుట్ట. ప్రతి సంతకీ మా గిడ్డంగికి పసుపు తెచ్చేది, కాబట్టి నన్నెరుగును. ఎరిగినా ఆ రోజు ఎరగనట్టే నిలబడింది.

"దిగు బాబూ."

"ఎందుకు సుక్రీ?"

"మా మొగోళ్ళు ఏటకి పోనారు. నువ్వు బండెక్కి కూకున్నావు. ఏటకి ఎల్లనోడు పండక్కి ఇయ్యాల."

"నాకు విల్లు పట్టడం రాదే."

"మరి నీకు ఏటొచ్చు?"

"లెక్కలు."

ఆడవాళ్ళంతా విరగబడి నవ్వారు. "లెక్కలెడితే పంది పడతాదా?" అంది సుక్రి.

మా బండి తోలే సన్నాసి శృంగవరపుకోటవాడు, కొండ మర్యాదలు తెలిసినవాడు. వెనకనుంచి నా కండువా లాగాడు. "బేగి ఇచ్చీండి బాబూ. ఇయ్యకపోతే పేడనీళ్ళు పోసెత్తారు. ఒకేడు నామీద పోసినారు. ఇంటికెల్తే మా ఆడది గుమ్మం ఎక్కనియ్యలేదు."

ఇచ్చాను. బొంగు లేచింది. ఆ తరవాతి ఊళ్ళో మరో బొంగు, దాని తరవాత ఇంకోటి. ఘాటీ దిగేదాకా అదే వరస. కోట చేరగానే క్యాష్ బుక్కు తీసి, 'చైత్రమాసపు దారిఖర్చు. దారిలో పాడిన ఆడవాళ్ళకు ఇచ్చినది. వోచరు లేదు' అని నిజాయితీగా రాశాను. వోచరంటే ఖర్చుకు సాక్ష్యంగా ఉండే చీటీ. వెదురుబొంగు చీటీ ఇస్తుందా?

హెడ్డాఫీసులో ఆడిటరు గారు, అంటే రాసిన లెక్కలు సరిగా ఉన్నాయో లేదో చూసేందుకు కంపెనీవారు పెట్టుకున్న చదువుకున్నాయన, నా పద్దు దగ్గర పెన్సిలు ఆపారు. 'పాడిన ఆడవాళ్ళెవరు? ఎందుకు పాడారు? కంపెనీ వ్యాపారానికీ ఈ పాటకీ ఏమి సంబంధం?' అని ప్రశ్న పంపారు. ఉన్నదున్నట్టు ఒక్క ముక్కలో జవాబు రాశాను. నమ్మలేదు. నేను పనిమీద కిందికి వెళ్ళినప్పుడు అక్కడి గుమాస్తాలు చుట్టూ మూగి, "ఏమయ్యోయ్, కొండమీద మేజువాణీలు జోరుగా సాగుతున్నాయిటగా?" అని ఒకటే ఇకిలింపు. ఆ వారమే ఎర్రసిరా పడింది.

నేనూరుకోలేదు. బండి కిందికి పోయినప్పుడల్లా ఒక అర్జీ పంపాను. 'అయ్యా, తమరు కుర్చీలో కూర్చుని కొండని ఆడిట్ చేస్తున్నారు. ఒక్కసారి వచ్చి కళ్ళతో చూడండి' అని రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. మా లెక్కల్లో సస్పెన్స్ అకౌంట్ అని ఒకటుంటుంది. ఏ పద్దుకి చెందుతుందో తేలనివి తేలేదాకా అందులో పడేస్తాం. ఆ ఏడాదంతా నేను కూడా అందులోనే పడి ఉన్నాను.

మరుసటి మార్చి వచ్చింది. ఈసారి స్టాక్ వెరిఫికేషన్‌కి, అంటే పుస్తకంలో ఉన్న సరుకు గిడ్డంగిలో నిజంగా ఉందో లేదో చూడ్డానికి, ఆడిటరు గారే స్వయంగా వస్తున్నారని కబురు. పండగ రోజులు, కాస్త ఆగి రండని నా ధర్మంగా నేను రాశాను. 'పండగల కోసం లెక్కలు ఆగవు' అని జవాబొచ్చింది. చూశారా, దీనికి మాత్రం జవాబు రాయడానికి తీరింది!

ఆయన్ని తీసుకురావడానికి సన్నాసి బండి కట్టించుకుని అనంతగిరికి ఎదురెళ్ళాను. తెల్లటి కోటు, జరీ తలపాగా, చేతిలో గొడుగు. బండిలో నా పక్కనే కూర్చున్నా దారంతా ఆ పక్క కొండలకేసే చూశారు. నేను ఈ పక్క కొండలకేసి చూశాను. నాకూ ఉంటుంది పౌరుషం.

కిందూళ్ళలో పండగ అప్పటికే అయిపోయింది, సుక్రి వాళ్ళ ఊరి దగ్గర మొదటి బొంగు కనిపించింది. పాటా వినిపించింది.

"దిగు బాబూ," అంది సుక్రి ఆయనతో.

"ఎవరయ్యా ఈమె? నన్ను నువ్వంటుందేమిటి?"

"కొండమీద అందరూ నువ్వేనండి. దేవుణ్ణి కూడా నువ్వనే అంటారు."

"ఏం కావాలిట?"

"నేను పోయినేడు రాసిన పద్దు కావాలిటండి," అన్నాను.

ఆయన నా వైపొకసారి చూసి, గొంతు సవరించుకుని, గొడుగు నేలకానించి, "సరే. ఇస్తాను. కానీ రసీదు ఇవ్వాలి. రసీదు లేనిదే దమ్మిడీ ఇవ్వను" అన్నారు.

"రసీదంటే ఏటి?" అంది సుక్రి నాతో.

"డబ్బు మీకు ముట్టిందని గుర్తు అడుగుతున్నారు."

"గుర్తా? దానికేటి!" అంది. ఆయన చేతిలో డబ్బు తీసుకుని కొంగున కట్టుకుంది. పక్కనే పండక్కి కలిపిన పసుపు కుండ ఉంది. అందులో అరచెయ్యి ముంచి, ఆయన వెనక్కి వెళ్ళి, తెల్లకోటు వీపుమీద ఫెడీమని ఒక్కటేసింది. అయిదు వేళ్ళూ అచ్చు దిగినట్టు దిగాయి.

"ఇదే గుర్తు. ఎవురడిగినా వీపు సూపించు."

ఆయన "ఆఁ! ఆఁ!" అంటూ గిర్రున తిరిగేసరికి, "మాకూ ముట్టింది గదా" అంటూ మిగతా ఆడవాళ్ళు కుండ చుట్టూ చేరారు. నేను అడ్డుపడాల్సింది. అడ్డుపడలేదు. సన్నాసి చక్రం చాటున నేలమీద చతికిలబడి పొట్ట పట్టుకుంటున్నాడు.

అంతటితో అయిపోలేదు. ఎవరో ఆయన చెయ్యి పట్టుకుని వరసలోకి లాగారు. ఆడవాళ్ళ మధ్య ఆడిటరు గారు, తలపాగా ఒక పక్కకి, గొడుగు ఇంకో పక్కకి. మొదట విదిలించుకున్నారు. తరవాత అడుగు కలిపితే తప్ప పడిపోతామని తెలుసుకుని అడుగు కలిపారు. ఆ పైన, నా కళ్ళతో చూశాను కాబట్టి చెబుతున్నాను, మానమన్నా మానలేదు.

"బాబూ, ఆడిటరు బాబు ఆడతన్నారు!" అని సన్నాసి కేక.

ఆట ఆగాక సుక్రి సొరకాయ బుర్రతో రాగి అంబలి ఇచ్చింది. ఆయన గుక్క తిప్పుకోకుండా తాగి, మూతి తుడుచుకుని, "మళ్ళీ కొంచెం పొయ్యి" అన్నారు.

ముందు ఊళ్ళో, పోయినేడు లేని చోట, మళ్ళీ బొంగు. ఈసారి ఆయనే గబగబా దిగి, వాళ్ళకి వీపు తిప్పి చూపించారు. వాళ్ళు చూశారు, నవ్వారు. "అది ఆ ఊరి గుర్తు. మా ఊరిది ఏదీ?" అన్నారు. ఆయన మారు మాట్లాడకుండా జేబులో చెయ్యి పెట్టారు. గిడ్డంగి చేరేసరికి ఆ కోటు తెలుపని చెబితే నమ్మేవాడు లేడు.

సరుకంతా చూశారు. సరిపోయింది. పని పూర్తయ్యాక నా బల్ల దగ్గర కూర్చుని తన ప్రయాణపు బిల్లు రాసుకోవడం మొదలుపెట్టారు. బండి ఖర్చు రాశారు. భోజనం రాశారు. ఆ పైన కలం ఆగిపోయింది.

నేను ఏడాదిగా దాచుకున్న ప్రశ్న అడిగేశాను. "వోచరేదండీ?"

ఆయన తలెత్తి నన్ను చూశారు. కోపం వచ్చిందనుకున్నాను. ముందు మీసం కదిలింది, తరవాత భుజాలు కదిలాయి, ఆ పైన కళ్ళంట నీళ్ళొచ్చేలా నవ్వారు. నేను నవ్వలేదు. నా ఉద్యోగం ఇంకా ఎర్రసిరాలోనే ఉంది.

నవ్వు ఆగాక ఆయనన్న మాట ఇది: "నువ్వు రాసింది నిజమే. ఒప్పుకుంటున్నాను. కానీ ఒక్క ముక్క రాసి ఊరుకుంటే చూడనివాడికి ఎలా తెలుస్తుందయ్యా? ఏ ఊరు, ఏ పండగ, ఎందుకివ్వాలి, పక్కనెవరున్నారు, ఇవేవీ లేవు. బండివాడున్నాడు కదా, వాడిచేత వేలిముద్ర వేయించవచ్చు కదా. నీకు తెలుసు కాబట్టి అందరికీ తెలుసుననుకున్నావు."

నాకు మండింది. కానీ అందులో సగం నిజం ఉందని ఇప్పటికీ ఒప్పుకుంటాను. సగమే. మిగతా సగం తప్పు, అడిగిన ఏడాదికి గాని కొండెక్కి చూడని ఆయనది. ఆ మాటా ఆయన ముఖంమీదే అనేశాను. "అదీ నిజమే" అన్నారాయన. చివరికి, "ఆ ఎర్రసిరా మాట నేను కొట్టేస్తే చాలదు, హెడ్డాఫీసు కొట్టెయ్యాలి. పద్ధతి ప్రకారం ఇంకో అర్జీ పెట్టు, నా చేతికే పంపు" అని చెప్పి దిగిపోయారు. వెళ్ళేటప్పుడు కోటు విప్పలేదు.

ఆ వ్యవహారం నేర్పిన పాఠం నా ఉద్యోగం ముగిసేదాకా నా వెంట ఉంది. లెక్క నిజమైతే చాలదు, అక్కడ లేనివాడు చదివినా కళ్ళకి కట్టాలి. మన పద్దు చదివేవాడు మన శత్రువు కాదు, మన కొండ ఎక్కనివాడు, అంతే. ఇక పైన కూర్చున్న పెద్దలకి చెప్పేది ఒకటే. కింద ఉన్నవాడి పద్దు నమ్మబుద్ధి కాకపోతే, సిరా బుడ్డి మూత తీసేముందు బండి కట్టించుకోండి. ఇప్పుడు మిషన్లొచ్చాయి, కూడికలు అవే వేసుకుంటున్నాయి. బండి కట్టించుకునేవాళ్ళు మాత్రం నాకెక్కడా కనపడటం లేదు.

పద్ధతి ప్రకారం అర్జీ పెట్టాను. ఊరి పేరు, పండగ పేరు, సుక్రి పేరు, సన్నాసి వేలిముద్ర, అన్నీ పెట్టాను. వానలు పట్టుకున్నాయి. ఘాటీ దారి తెగింది. జవాబు లేదు. ఈ రోజో రేపో పంపేస్తారని పెట్టె సర్దుకుని కూర్చున్నాను. దారి బాగుపడ్డాక మొదటి బండి సన్నాసిదే వచ్చింది. తలగుడ్డలోంచి తడవకుండా దాచిన కవరు తీసి ఇచ్చాడు. పైన టైపు కొట్టిన నాలుగు ముక్కలు, కింద ఆడిటరు గారి సొంత దస్తూరీ:

"మీ సర్వీసు పుస్తకంలో కల్పిత ఖర్చు అని రాసిన వ్యాఖ్య కొట్టివేయడమైనది. మీ ఉద్యోగము ఖాయపరచడమైనది. ఇకమీదట ఏటా చైత్రమాసమునకు దారిఖర్చు ముందుగానే మంజూరు. ప్రయాణము చేసిన ఇద్దరు సంతకము గాని వేలిముద్ర గాని చేసిన చాలును.

ఇది కంపెనీ మాట. ఇక నా మాట. ఆ కోటు చూసి మా ఆవిడ ఇదేమిటని అడిగింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. కల్పించి చెబుతున్నానంటోంది. ఈసారి కిందికి వచ్చినప్పుడు మా ఇంటికి ఒకసారి రావలెను. సన్నాసిని కూడా తీసుకురావలెను."