కిర్రుమనే కాపురం

మా బావ బతికున్నన్నాళ్ళూ ఊళ్ళో బళ్ళన్నిటి మోతా మాన్పించాడు గాని, సొంత ఇంట్లో ఒక్క తలుపుకీ నూనె చుక్క వెయ్యనివ్వలేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారు. బావ ఇంట్లో ఈగలున్నా వాటి మోత వాటికే వినపడేది కాదు.

ఆయన పనితనానికి వంక పెట్టేవాడు పుట్టలేదు. లారీ వీధి మలుపు తిరుగుతుండగానే, చేతిలో టీ గ్లాసు దించకుండా, "వెనక ఎడమ చక్రం బేరింగు పోయింది" అనేవాడు. విప్పి చూస్తే పోయింది అదే. అయితే ఎంత పని ఉన్నా మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావాల్సిందే. విప్పిన ఇంజను నేలమీద పరిచి, దాని యజమానినే దానికి కాపలా పెట్టి మరీ వచ్చేవాడు. పెళ్ళాం, పిల్లలు, అత్తగారు అందరూ చుట్టూ కూర్చుంటే తప్ప ఆయనకి ముద్ద దిగేది కాదు.

ఆ ముద్ద ఎలాంటి సంగీతం మధ్య దిగేదో కూడా చెప్పాలి. వీధి తలుపు తీస్తే ఎవరో పీక నులిమినట్టు కిర్రుమనేది. వంటింటి తలుపు కీచుమనేది. వంటింట్లో ఫ్రిజ్ రాళ్ళు నమిలేది. గదిలో ఫ్యాను టకటకా కొట్టుకునేది. స్నానాల గదిలో కొళాయి కారుతుంటే, ఆ చప్పుడు చాలదన్నట్టు బావ స్వయంగా దాని కింద రేకు డబ్బా బోర్లించాడు.

"ఏమండీ, ఆ తలుపుకి కాస్త నూనె వెయ్యండి, మీకు పుణ్యముంటుంది" అనేది అక్క.

"దానికి నోరుంది, మాట్లాడనీవే."

"ఫ్యానుకో?"

"దానికీ ఉంది."

"నాకూ ఉంది!"

"నిన్ను మాత్రం ఎవరాపారు?"

ఓసారి పక్కింటాయన నిద్ర చాలని కళ్ళతో వచ్చాడు. "మీ తలుపు తీసినప్పుడల్లా మా పాప ఉలిక్కిపడి లేస్తోందండీ." బావ ఎంతో నొచ్చుకున్నాడు. వెంటనే నూనె డబ్బా పట్టుకుని వెళ్ళి, పక్కింటి తలుపులన్నిటికీ నూనె వేసి వచ్చాడు.

ఈ మోతని అందరికన్నా గట్టిగా తిట్టింది మా అమ్మ. నాన్న పోయాక కూతురింట్లో ఉండడానికి ఒప్పుకుంటూనే షరతు పెట్టిన మనిషి ఆవిడ. "నా పనులు నేనే చేసుకుంటాను. ఎవరైనా నన్ను చెయ్యిపట్టి నడిపించారో, ఆ రోజే పెట్టె సర్దుకుని పోయి ఒంటరిగా ఉంటాను." అన్నంత పనీ చేసే రకం. "తలుపు నోరు మూయించలేని మనిషి మెకానికట!" అని కూతురితో అనేది, అల్లుడికి వినపడేలా.

ఒకనాటి ఉదయం బావ షెడ్డుకి వెళ్ళగానే అక్క కొంగు బిగించింది. బావ నూనె డబ్బాతోనే బావ ఇంటి మీద దండెత్తింది. నేను స్టూలు పట్టుకున్నాను. మధ్యాహ్నానికల్లా తలుపులు మూగబోయాయి. ఫ్యాను మెత్తబడింది. కింద చెక్కముక్క దోపితే ఫ్రిజ్ దారికొచ్చింది. కొళాయికి కొత్త వాషరు పడింది.

"ఎంత హాయిగా ఉందో చూశావా?" అంది అక్క గుసగుసగా. ఆ ఇంట్లో నిశ్శబ్దం అలవాటు లేక, గొంతెత్తడానికి భయపడింది పాపం.

అప్పుడే అమ్మ తన గదిలోంచి వచ్చి హాలు మధ్యలో ఆగింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. చివరికి బట్టల బీరువా తెరిచి, "అమ్మాయీ, టీ పెట్టావా?" అంది. చీరలు బదులు పలకలేదు. "నీకీమధ్య పొగరెక్కువైందే" అని బీరువా మూసి, ఇటు తిరిగి, గోడకి వేలాడుతున్న బావ ఖాకీ చొక్కా ముందు కొంగు సర్దుకుంది.

"ఏం అల్లుడుగారూ, ఇవాళ పెందరాళే వచ్చారు?"

నాకు పొంగుకొచ్చిన నవ్వు అక్క మొహం చూడగానే గొంతులోనే ఆగిపోయింది. అమ్మకి చూపు దాదాపు లేదు. మా కళ్ళముందే తిరుగుతున్న మనిషి సంగతి మాకే తెలియలేదు.

సరిగ్గా అదే సమయానికి బావ భోజనానికి వచ్చాడు. తలుపు కిక్కురుమనలేదు. ఆయన ముందు తలుపు వంక, తర్వాత నూనె డబ్బా వంక, ఆపైన చొక్కాతో మాట్లాడుతున్న అత్తగారి వంక చూశాడు. పిల్లిలా నడిచి వెళ్ళి చొక్కా పక్కన నిలబడ్డాడు.

"ఆకలేసిందత్తయ్యా, తొందరగా వచ్చేశాను."

"మరి పలకరేం? బాగా చిక్కిపోయారు కూడా" అంది అమ్మ, చొక్కాని ఎగాదిగా చూసి.

భోజనాలయ్యాక బావ మా ఇద్దర్నీ పెరట్లోకి లాక్కెళ్ళాడు.

"ఆవిడ వచ్చిన కొత్తలో నేనే ఆవిడ మంచం పైనున్న ఫ్యాను బాగుచేశాను. ఆ రోజు మంచం అనుకుని నేలమీద కూలబడ్డారు. మళ్ళీ మోత పెట్టాను, సరిగ్గా మంచం మీదే కూర్చున్నారు. నా కళ్ళజోడు కోసం తోడు రమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, పనిలో పనిగా ఆవిడకీ చూపించాను. ఇక పెరిగే చూపు కాదన్నాడు. చెయ్యి పట్టుకోవద్దన్నారు సరే, తలుపులు పిలవకూడదని అనలేదుగా?"

"నాకైనా చెప్పొచ్చుగా!" అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ.

"చెప్తే ఏడుస్తూ వెళ్ళి చెయ్యి పట్టుకునేదానివి."

ఆ మధ్యాహ్నం బావ షెడ్డుకి వెళ్ళలేదు. కీళ్ళకున్న నూనె తుడిచి, ఇసుక రాసి, తలుపు ఆడించి, చెవి ఆనించి విని, మళ్ళీ రాశాడు. ఏ ఇంజను మీదా ఆయన అంత శ్రద్ధ పెట్టగా నేను చూడలేదు. నూనె కోసం ఏళ్ళ తరబడి పోరిన మా అక్క పక్కన నిలబడి, "చాల్లేదండీ, ఇంకాస్త కరుగ్గా అరవాలి" అంటోంది.

సాయంత్రానికి ఇల్లు మళ్ళీ గొంతెత్తింది. "ఛీ ఛీ, మొదలైంది వెధవ మోత! ఈ ఇంట్లో మనిషన్నది బతగ్గలదా?" అంటూ అమ్మ కుర్చీలోంచి లేచింది. చకచకా నడిచి తిన్నగా వంటింటి తలుపు తోసింది. అక్కడే ఆగింది. తలుపుని ముందుకీ వెనక్కీ ఆడించి చూసింది.

"అల్లుడుగారూ!"

"ఏంటత్తయ్యా?"

"ఇది అచ్చం వీధి తలుపులాగే ఏడుస్తోందేమిటి? రెండూ ఒక్కలాగే మొత్తుకుంటే నేనెటు పోవాలి? దీని గొంతు కాస్త సన్నం చెయ్యండి."

బావ మళ్ళీ ఇసుక తేవడానికి వెళ్ళాడు.