రిహార్సల్లో పోయిన గడ్డం

నా బావమరిది గురించి రాయాలంటే ముందు నా గురించి రాయాలి. ఎందుకంటే వాడి జీవితంలో చెప్పుకోదగ్గ సంగతి ఒక్కటే ఉంది. అది నా కుర్చీలో జరిగింది.

నేను చదివింది ఐదో తరగతి. మా పంతులుగారు చేతిరాత చూసి మెచ్చుకున్న ఇద్దరిలో ఒకణ్ణి. యాభై ఒక్క ఏళ్ళుగా క్షవరం చేస్తున్నాను. ఇద్దరు జడ్జీలు, తల ఆగకుండా వణికే ముసలాళ్ళు ఎంతమందో నా కత్తి కింద కూర్చుని నవ్వుకుంటూ లేచారు. ఒకసారి పందెం కట్టి, కళ్ళకు గంతలతో నున్నగా గీసి చూపించాను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు పదకొండు మంది, పదకొండు మందికీ సొంత కొట్లున్నాయి. ఇన్నేళ్ళలో ఎవరి మొహం మీదా ఒక్క నెత్తురు చుక్క చూడలేదు. తెగినచోట అద్దడానికి ప్రతి కొట్లోనూ పటిక ముక్క ఉంటుంది. నా కొట్లోనూ ఉండేది. కొన్ననాటి కాగితం కూడా విప్పలేదు.

పన్నెండోవాడు మా ఆవిడ తమ్ముడు. వాడికి ఇరవయ్యేళ్ళప్పుడు నేనే పిలిచి కత్తి చేతిలో పెట్టాను. పదో రోజున దాన్ని నా ముందు పడేసి, "ఈ వెంట్రుకలు ఊడ్చే బతుకు నాకొద్దు బావా" అని వెళ్ళిపోయాడు. కొట్లో అప్పుడు నలుగురున్నారు. నలుగురూ విన్నారు. పోయి చేరింది ఎక్కడయ్యా అంటే సినిమా హాల్లో. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు టార్చిలైటు వేసి సీట్లు చూపించే పని. ఇరవై ఆరేళ్ళు అదే. అందుకే అందరూ వాణ్ణి టార్చి అంటారు. ప్రతి సినిమా వందసార్లు చూశాడు, నిలబడి, ముక్కలు ముక్కలుగా. హాలు మూతపడ్డాక ఒక గోడౌను గేటు దగ్గర కాపలాకు కుదిరాడు. అదీ వాడి చరిత్ర, యాభై మూడో ఏడు వచ్చేవరకు.

ఆ ఏడు వాడికి సినిమా వేషం వచ్చింది. సినిమా అంటే మరీ పెద్దదనుకునేరు. ఏడుగురు మనుషులు, ఒక కెమెరా, కర్రకు కట్టిన మైకు. సామానంతా సిటీ బస్సులోనే వచ్చేది. డైరెక్టరు ముప్ఫై నిండని అమ్మాయి. సెట్టు వేసే తాహతు లేదు కాబట్టి నిజం ఇళ్ళు, నిజం కొట్లు, నిజం మనుషులు. గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న టార్చి మొహం ఆమెకు నచ్చిందట.

కథ ఇంతే. ఇల్లొదిలి పోయిన ఒకడు పదిహేనేళ్ళకు గుబురుగడ్డంతో తిరిగొస్తాడు. ఎవరూ గుర్తుపట్టరు. నేరుగా క్షవరం కొట్టుకు పోయి కూర్చుంటాడు. గడ్డం పోయేకొద్దీ మొహం బయటపడి, వీడు తన తమ్ముడేనని గీసేవాడికి తెలుస్తుంది. సినిమా మొత్తం ఆ ఒక్క క్షవరం మీద నిలబడింది. అతికించిన గడ్డం పనికిరాదంది ఆ అమ్మాయి. కాబట్టి టార్చి ఎనిమిది నెలలు పెంచాలి. ఉన్నది ఒక్క గడ్డం కాబట్టి తీసేదీ ఒక్కసారే.

వాడు దాన్ని చంటిపిల్లలా సాకాడు. వెల్లకిలా తప్ప పడుకోలేదు. చెంచాతో తప్ప తినలేదు. గోడౌను యజమాని "గడ్డమా, ఉద్యోగమా, తేల్చుకో" అంటే "గడ్డమే" అన్నాడట. ఉద్యోగం పోయింది. అది వాడి ఇష్టం, నాకెందుకు? కానీ రోజూ పొద్దున్నే ఆ పొదను ఊపుకుంటూ నా కొట్టు ముందు నుంచే నడవాలా? కుర్చీలో ఉన్నవాళ్ళు ఊరుకుంటారా?

"ఏం మాస్టారూ, సొంత బావమరిదికి చెయ్యడానికే తీరిక లేదా?"

"ఈయన కత్తంటే భయమేమోలెండి!"

నాకు నవ్వు రాలేదు. ఇంటికెళ్ళి మా ఆవిడతో అన్నాను.

"మీ తమ్ముడు నా కొట్టుకు దిష్టిబొమ్మలా తయారయ్యాడు."

"పోనిద్దురూ. వాడికి జన్మకొక్క సరదా. మీరు మాత్రం దాని జోలికి పోకండి."

జోలికి నేను పోలేదు. ఆ అమ్మాయే వచ్చింది. మా బావ వద్దని టార్చి మొత్తుకున్నాడట. అయినా నాలుగు కొట్లు తిరిగి, నాలుగు జతల చేతులు చూసి, నా దగ్గర ఆగింది.

"మీ చేతులు కావాలి బాబాయ్ గారూ. మాటల్లేవు."

"నాకు నటన రాదమ్మా."

"నటించొద్దు. రోజూ చేసేదే చెయ్యండి."

ఈ మాట ఆమె నోటితో అన్నది. నేను విన్నది విన్నట్టు రాస్తున్నాను.

షూటింగు రోజు పొద్దున ఏడింటికే కొట్టు నాది కాకుండా పోయింది. ట్యూబులైటు పీకేశారు. అద్దం మరీ మెరుస్తోందని దాని మీద సబ్బు పూశారు. యాభై ఏళ్ళుగా నేను చేత్తో తుడిచిన అద్దం! సంఘంవాళ్ళు ఇచ్చిన ప్రశంసాపత్రం దింపి చీపురు పక్కన ఆనించారు. అరలో సామాను అటూ ఇటూ మార్చారు. నేను పంటి బిగువున ఊరుకున్నాను.

ముందు కత్తెరతో పొడుగు తగ్గించడం తీశారు. బాగానే వచ్చింది. ఇక మిగిలింది రెండు వేళ్ళ మందం. అసలు సంగతి అదే, మొహం బయటపడేది.

"మెల్లగా బావా. ఇది నా ఎనిమిది నెలల కష్టం" అన్నాడు టార్చి.

"పని నాకు చెప్తున్నావా?"

"చెప్తాను. నీ సంగతి తెలుసు గనక."

"గొడవలొద్దు" అంది డైరెక్టరమ్మాయి. "ఒక్క రిహార్సల్ చేద్దాం. కెమెరా తిరగదు. బాబాయ్ గారూ, నురగ పెట్టి, చెయ్యి ఎటు నుంచి ఎటు పోతుందో చూపించండి."

నురగ పెట్టాను. కత్తి తెరిచి తోలుపట్టీ మీద మూడుసార్లు రుద్దాను. కుడి చెవి కింద బొటనవేలితో చర్మం లాగి పట్టాను. కుడి నుంచే మొదలుపెడతాను, ఎప్పుడూ అంతే. ఒక గీత కిందికి. తుడిచాను. రెండో గీత. తుడిచాను. మూడోది కూడా అయ్యాక కెమెరా అతను "అయ్యో" అన్నాడు. కుడి చెంప పలకలా ఉంది.

అద్దానికి సబ్బు పూశారు కదా, టార్చికి ఏమీ కనిపించలేదు. చెంపకు చల్లగాలి తగిలి చెయ్యి పెట్టి చూసుకున్నాడు.

"తీసేశావా?"

"రిహార్సలన్నారు, చేశాను."

"చెయ్యి ఆడించమన్నారు! గీయమన్నారా?"

"కత్తి పట్టుకుని ఉత్తుత్తినే ఆడించడానికి నేనేమన్నా వేషగాణ్ణా? నా చేతికి అది రాదు."

"కావాలనే చేశావు. ముప్ఫై మూడేళ్ళ కిందటి మాట కడుపులో పెట్టుకుని చేశావు."

"నీ మాట అన్నాళ్ళు గుర్తుంటుందా నాకు?"

ఈ చివరి మాట అబద్ధం. అంతకు ముందు అన్నది నిజం.

క్యారియరు తెచ్చిన మా ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. "జోలికి పోకండని చెప్పాను కదండీ" అంది. నా వైపు చూడకుండా తమ్ముడికి మంచినీళ్ళిచ్చింది. కట్టుకున్నదానికే నా మీద నమ్మకం లేకపోతే ఇక ఎవరికేం చెబుతాం?

డైరెక్టరమ్మాయి మెట్టు మీద తల పట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి లేచి, కెమెరాను కుర్చీకి అవతలి పక్కకు మార్పించింది.

"ఎడమ చెంప ఉంది కదా. దాంతోనే తీద్దాం. అక్కడ మొదలుపెట్టండి."

"నేను ఎడమ నుంచి ఎప్పుడూ మొదలుపెట్టలేదు."

"ఇవాళ పెడతారు."

బాబాయ్ లేదు, గారు లేదు. రిహార్సల్ మాట కూడా ఎత్తలేదు.

కెమెరా తిరిగింది. ఎడమ చెంప నా యాభై ఏళ్ళ పనితనమంతా పెట్టి గీశాను. వాడు రాయిలా కూర్చున్నాడు. ఎలా కూర్చోవాలో వాడికి తెలుసు, ఆ పది రోజుల్లో నేను నేర్పిన మొదటి పాఠమే అది. కత్తి దవడ కింద ఉన్నప్పుడు కూర్చున్నవాడు గుటక మింగినా చాలు, తెగుతుంది. చివరి గీత దవడ కిందిది. వాడు కళ్ళు దించుకుని ఉండాలని ఆ అమ్మాయి రెండుసార్లు చెప్పింది. సరిగ్గా కత్తి అక్కడికి వచ్చినప్పుడు వాడు మొహం నా వైపు తిప్పి, సూటిగా నా కళ్ళలోకి చూశాడు.

తెల్లటి నురగలో ఎర్రటి గీత.

నా చెయ్యి పటిక కోసం అరలోకి వెళ్ళింది. దొరకలేదు. ఎన్నడూ తీసింది కాదు, పైగా సామాను మార్చి చచ్చారు. చివరికి దొరికితే కాగితం ఊడదు. పళ్ళతో చింపాను. అదంతా కెమెరా చూస్తూనే ఉంది. ఆ అమ్మాయి ఎప్పటికో "కట్" అంది. ఇంకోసారి తీయడానికి గడ్డం లేదు కాబట్టి "ఓకే" కూడా అంది.

"కదిలావు" అన్నాను.

"సీను కోసం కదిలాను బావా."

"కావాలని కదిలావు."

"అవును, నువ్వు రిహార్సల్ కోసం గీసినట్టే."

కుర్చీ దిగి, భుజాల మీది గుడ్డ దులపకుండా నా చేతికిచ్చి వెళ్ళాడు. అదే వాడు నాతో మాట్లాడిన చివరి మాట.

మరుసటేడు ఆ సినిమా ఒక స్కూలు హాల్లో వేశారు. పేర్లలో నాది "చేతులు" అని పడింది. గోడంత తెర మీద నా చేతులు పటిక కోసం తడుముకుంటుంటే జనం ఊపిరి బిగబట్టారు. నా వెనక వరసలో ఎవరో ఆడమనిషి, "పాపం, పనికి కొత్తేమో" అంది. టార్చి కుర్చీలో కూర్చోలేదు. అలవాటు పోలేదు, వెనక తలుపు దగ్గర నిలబడి చూశాడు. దీపాలు వెలిగాక అందరూ పోయి వాడి చెయ్యి పట్టుకుని ఊపారు. మా ఆవిడ కూడా.

ఆ తర్వాత కూడా నా కత్తి కింద నెత్తురు చూడలేదు. అది ఎవరినడిగినా చెబుతారు.

వాడు మళ్ళీ గడ్డం పెంచలేదు. రోజు విడిచి రోజు నా కొట్టుకు ఎదురుగా, నా పదకొండో శిష్యుడి కొట్లో గీయించుకుంటాడు, తలుపు బార్లా తెరిపించుకుని మరీ. దవడ కింద గాటు పడినచోట వెంట్రుక మొలవదు. పని అయ్యాక అటు దారి ఉన్నా ఇటే వచ్చి, ఆ గాటు నా కుర్చీలో ఉన్నవాళ్ళకు కనబడేలా మెడ ఎత్తుకుని, మెల్లగా నడిచిపోతాడు.