చేసినవాళ్ళే ముందు ఎక్కాలి

ఇది నిరుటి సంగతి. వానలు వెనకబట్టి, కొల్లేరు నిండుగా ఉండి, ఏలూరులో దోమలు పిచ్చుకలంత ఎదిగిన రోజులు. అప్పుడూ ఇప్పుడూ నేను ఒక ఎమ్మెల్యే గారి దగ్గర పీఏని. ఏ ఎమ్మెల్యే, ఏ నియోజకవర్గం అని అడక్కండి. కొంత కొల్లేటి ఒడ్డున, కొంత హైవే వెంట ఉంటుందని మాత్రం చెబుతాను. పీఏ ఏం చేస్తాడని చాలామంది అడుగుతుంటారు. ఎమ్మెల్యే గారు చెప్పినవి రాస్తాడు. చెప్పనివి కూడా ఆయనే చెప్పినట్టు రాస్తాడు. వచ్చినవాళ్ళతో "సార్ మీటింగులో ఉన్నారండి" అంటాడు. ఆ వేళకి సార్ కునుకు తీస్తుంటే, గురక బయటికి వినబడకుండా ఫ్యాను స్పీడు పెంచుతాడు. మా ఫ్యాను ఫుల్లులో తిరిగితే ఏలూరు కాలువలో అలలు లేస్తాయి.

వీటన్నిటికన్నా పెద్ద పని, నెలకోసారి మేము వేసే నాలుగు పేజీల కరపత్రం. మొదటి పేజీలో శాసనసభ సంగతులు, మధ్యలో స్థానిక వార్తలు, వెనక పేజీలో ప్రకటన. చదవడం రానివాళ్ళ కోసం అదే విషయాన్ని సార్ గొంతుతో రికార్డు చేసి ఊరూరి వాట్సాప్ గ్రూపులకి పంపిస్తాం. స్థానిక వార్తలు రాసేది నేనే. నా చేతిలో పడితే పంచాయతీ బోరు పాతాళ గంగ అవుతుంది, రెండు వీధి దీపాలు దీపావళి అవుతాయి.

ఆ నెల మొదటి పేజీ నిండా వినియోగదారుల రక్షణే. సార్ ఒక ప్రైవేట్ మెంబర్ బిల్లు తయారు చేయించారు. మంత్రి కాని సభ్యుడు సొంతంగా సభ ముందు పెట్టే చట్టం ముసాయిదాని అలా అంటారు. అలాంటిది పాసవడం, మా ఆఫీసు ప్రింటరు మొదటిసారికే పనిచేసినంత అరుదు. వినియోగదారులకి కేంద్ర చట్టం ఉంది, జిల్లాకో కమిషన్ ఉంది. అయినా సార్ బిల్లులో కొత్తదొకటి ఉంది: డెమో క్లాజు. అంటే, ప్రాణానికీ బతుకుతెరువుకీ సంబంధించిన వస్తువేదైనా సరే, అమ్మినవాడు కొన్నవాడి ఎదుట స్వయంగా వాడి చూపించి మరీ అమ్మాలని. సార్ రికార్డింగులో గొంతు పెంచి, "అమ్మినవాడే ముందు వాడి చూపించాలి!" అన్నారు. ఆ మాటకి టేబుల్ మీది గ్లాసు కదిలింది. నేను చూశాను.

అది వెళ్ళిన వారంలోపే ఒకావిడ ఆఫీసుకొచ్చింది. చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా తడి. గుమ్మంలోనే నిలబడింది.

"ఏవండీ, పీఏ గారంటే తమరేనాండి?"

"నేనేనమ్మా. రిప్రజెంటేషన్ తెచ్చారా?" అన్నాను. అర్జీకి ఇంగ్లీషు చొక్కా తొడిగితే దాన్ని రిప్రజెంటేషన్ అంటారు.

"కాయితాలేం లేవండి. మీ సారు ఫోన్లో చెప్పారు కదండి, అమ్మినోళ్ళే ముందు వాడి చూపించాలని. మా ఊళ్ళో అది ఎప్పట్నించో ఉందండి. ఆ సంగతి మీదే వచ్చాను."

ఆవిడ పేరు ఆదిలక్ష్మి. ఊరు కొల్లేటి లంకల్లో. భర్తకి నడుము పడిపోతే తనే పడవేసుకెళ్ళి వలలు వేస్తోంది. పాత తాటి దోనె పుచ్చిపోతే, తాడేపల్లిగూడెంలో ఒక పెద్ద దుకాణం నుంచి ఫైబర్ పడవ తెప్పించుకుంది.

"కొన్న మర్నాటి నించే నీళ్ళు తాగుతోందండి. గేదె తాగినట్టు తాగుతోంది. అడిగితే, నువ్వే గట్టుకి గుద్దావంటారు. ఇప్పుడు పక్కోళ్ళ పడవలో పోతున్నానండి. పడిన చేపల్లో సగం వాళ్ళకే. చేప దొరికేది ఈ నీళ్ళున్నన్నాళ్ళే కదండి. నీళ్ళు తగ్గిపోయాక పడవొచ్చి ఏం లాభం?"

"ఏలూరులో కమిషన్ ఉంది కదమ్మా. కేసు వేయొచ్చు."

"ఏస్తానండి. పడవ మంచిదా కాదా అని అక్కడ ఎవరు చెబుతారు?"

"నిపుణుడి చేత నివేదిక తెప్పిస్తారు."

"ఎన్నాళ్ళకండి?"

నేను ఫ్యాను వైపు చూశాను.

అప్పుడు చెప్పింది వాళ్ళ ఆచారం. దాన్ని తొలి ఎక్కు అంటారట. కొత్త దోనె నీళ్ళలోకి దింపిన రోజు, చెక్కినవాడే ముందు ఎక్కాలి. కొన్నవాళ్ళు ఒడ్డున చేతులు కట్టుకుని నిలబడాలి. దోనె మీద చెయ్యి కూడా వెయ్యకూడదు. చెక్కినవాడు ఓ చుట్టు తిరిగి, పంచె తడవకుండా వస్తేనే కొబ్బరికాయ కొట్టి దోనె తీసుకుంటారు. ఈ ఫైబర్ పడవ లారీలో వచ్చింది, అద్దంలా మెరిసింది. లారీ డ్రైవర్ని ఎక్కమంటే ఏం బావుంటుందని ఊరుకున్నారట.

"అదేనండి మేం చేసిన తప్పు. అమ్మినాయన్ని ఒక్కసారి ఎక్కించండి బాబూ, చాలు."

అమ్మినాయన పేరేమిటని అడిగాను. సూర్యచంద్రం గారు! మా కరపత్రం వెనక పేజీ ప్రకటన ఆయనదే. మొదటి పేజీలో వినియోగదారుల రక్షణ, వెనక పేజీలో నిండుగా ఒక పడవ బొమ్మ, కింద పెద్ద అక్షరాలతో "మునగని నమ్మకం". ఆ రెండు ముక్కలూ నేనే కట్టి ఇచ్చాను. టేబుల్ మీది కరపత్రాన్ని మెల్లిగా బోర్లా తిప్పాను. పడవ పైకి తేలింది. గాభరాగా మళ్ళీ తిప్పాను.

లోపలికెళ్ళి సార్‌కి చెప్పాను. కేకలేస్తారనుకుంటే కుర్చీలోంచి ఎగిరారు.

"బ్రహ్మాండం! బిల్లు సభకి వెళ్ళకముందే జనంలో అమలు! వీడియో తీద్దాం. వచ్చే నెల మొదటి పేజీ ఇదే."

"సార్, ఆ డీలరు మన వెనక పేజీ..."

"మరీ మంచిది. పడవ తేలుతుంది, ఆవిడ అనుమానం తీరుతుంది, మనకి వీడియో వస్తుంది."

"తేలకపోతే సార్?"

"అంత దుకాణం పెట్టినవాడు తేలని పడవ అమ్ముతాడటయ్యా? నీకన్నీ అపశకునాలే."

అనుకున్న రోజు మేము వెళ్ళేసరికి కొల్లేటి గట్టు మీద జగన్నాథ రథయాత్రకొచ్చినంత జనం. సరే, ఓ నలభై మంది. సూర్యచంద్రం గారు పొద్దున్నే మనుషుల్ని తీసుకొచ్చి పడవ కడిగించారట. కడగడమే కాదు, రంగు కూడా వేయించినట్టున్నారు, నెమలిలా మెరిసిపోతోంది. ఆయన తెల్ల పంచె, తెల్ల చొక్కాలో చిరునవ్వులు చిందిస్తున్నారు. ఆదిలక్ష్మి ఆచారం ప్రకారం చేతులు కట్టుకుని ఒడ్డున నిలబడింది.

ఆయన ఒక్కరూ ఎక్కి, గట్టు పక్కనే చిన్న చుట్టు చుట్టి వచ్చేస్తే కథ అక్కడితో కంచికి వెళ్ళేది. కానీ మా సార్ చెప్పులు విడిచారు.

"తమరెందుకండి బాబూ? అమ్మినాయన చాలండి," అంది ఆదిలక్ష్మి.

"పడవ ఆయనది. బిల్లు నాది. మీ లెక్క ప్రకారం చేసినవాళ్ళే కదమ్మా ఎక్కాలి? నేనూ ఎక్కుతాను."

సూర్యచంద్రం గారి నవ్వు సగంలో ఆగింది. "వద్దు సార్. ఎండ..."

"ఎండేదయ్యా? మబ్బేసి ఉంటేనూ."

"అది కాదు సార్, బరువు..."

"నలుగురు కూర్చోవచ్చని నీ ప్రకటనలోనే ఉంది కదా. ఏవయ్యా పీఏ, రాశావా లేదా?"

"రాశానండి," అన్నాను. ఒప్పుకున్న పాపానికి నన్నూ ఎక్కించారు. వీడియో తీయాలట.

సూర్యచంద్రం గారే గెడ వేశారు. గట్టు నుంచి ఓ పాతిక బారలు వెళ్ళామో లేదో, నా అరికాళ్ళకి చల్లగా తగిలింది. కిందికి చూస్తే సూర్యచంద్రం గారు భుజం మీది తువ్వాలు తీసి పడవ అడుగున పరిచి, దాని మీద కాలేసి నిలబడి ఉన్నారు.

"ఏమిటది?" అన్నారు సార్.

"తడి సార్. కొల్లేరు కదా."

తువ్వాలు మెల్లిగా లేచింది. తేలింది. ఈదుకుంటూ నా వైపు వచ్చింది. ఆ వెనకే పడవ అడుగు నుంచి తాటిచెట్టంత ఎత్తున నీళ్ళు చిమ్మాయి. తాటిచెట్టంత కాకపోయినా నా ముక్కులోకి వెళ్ళేంత ఎత్తు మాత్రం ఖాయం. సూర్యచంద్రం గారు గెడ వదిలేసి సార్‌ని వాటేసుకున్నారు.

"ఆరలేదు సార్! లప్పం ఆరలేదు! పొద్దున్నే పెట్టించాను! పగులు ముందు నించే ఉంది సార్, ఫ్యాక్టరీ నించే అలా వచ్చింది, తెలిసే పంపించాను! నాకు ఈత రాదు బాబోయ్!"

"నాకూ రాదయ్యా! అమ్మా! అమ్మోయ్! చచ్చాను!" అని సార్.

పడవ మమ్మల్ని వదిలి కిందికెళ్ళింది. నా బతుకంతా కళ్ళముందు తిరిగింది. అందులోనూ ఎక్కువ భాగం మీటింగులే. ఒక చేత్తో ఫోను పైకెత్తి పట్టుకుని, ఇంటిల్లిపాదినీ దేవుడికి అప్పజెప్పాను. సార్ కాళ్ళూ చేతులూ కొట్టుకుంటుంటే నీళ్ళు అల్లకల్లోలం అయ్యాయి. సరిగ్గా అప్పుడు మా పక్కనించి ఒక గేదె నడుచుకుంటూ వెళ్ళింది.

అవును, నడుచుకుంటూ.

ఒడ్డు నుంచి ఆదిలక్ష్మి అరుస్తోంది. "నిలబడండి బాబూ! లేచి నిలబడండి! నడుం లోతేనండి!"

ముగ్గురం నిలబడ్డాం. సార్ తల మీద గుర్రపుడెక్క పూలతో సహా కిరీటంలా ఉంది. నలభై మందీ నవ్వకుండా ఉండటానికి పడిన కష్టం నేను సభలో కూడా చూడలేదు.

నేను దిగ్భ్రాంతి చెందింది మునిగినందుక్కాదు. ఆ తర్వాత జరిగినదానికి. గట్టెక్కి ఒళ్ళు తుడుచుకున్నాక సూర్యచంద్రం గారికి మళ్ళీ చిరునవ్వు మొలిచింది.

"ముగ్గురు లావుపాటి మనుషులెక్కితే ఏ పడవైనా మునుగుతుందమ్మా. దానికి నన్నంటే ఎలా?"

"పగులుందని తమరే అన్నారు కదండి," అంది ఆదిలక్ష్మి.

"నేనా? ఎప్పుడు? ప్రాణభయంలో ఏం వాగానో ఏమో!"

ఆయన పంచెలోంచి నీళ్ళింకా కారుతున్నాయి. ఆ నీళ్ళు ఆరేలోపే మాట ఆరిపోయింది! ఆదిలక్ష్మి మాత్రం ఆశ్చర్యపోలేదు.

"ఒడ్డుకొచ్చాక మాట మారుస్తారనేనండి, మావోళ్ళు నీళ్ళ మీదే అడిగేది," అంది.

ఇక మిగిలింది నా ఫోను. కారులో కూర్చుని సార్, నేను వీడియో చూశాం. అన్నీ స్పష్టంగా ఉన్నాయి. చిక్కల్లా ఒక్కటే. సూర్యచంద్రం గారు ఒప్పుకున్న మాటలూ, సార్ "అమ్మోయ్ చచ్చాను" అన్న కేకలూ జడలా అల్లుకుపోయాయి. ఒకటి కత్తిరిస్తే రెండోది తెగుతుంది. సూర్యచంద్రం గారు కారు అద్దం దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "ఆ వీడియో బయటికొస్తే నాకన్నా తమకే నగుబాటు సార్," అన్నారు. ఎంతో మర్యాదగా అన్నారు.

అద్దంలోంచి ఆదిలక్ష్మి కనబడుతోంది. మా వైపు చూడటం లేదు. నీళ్ళలోకి దిగి, మునిగిన పడవని ఒక్కతే గట్టుకి లాగుతోంది. వీడియో లేకపోతే ఆవిడ చేతిలో మిగిలేది ఆ పగిలిన చిప్పే.

నేను ఫోను జేబులో పెట్టుకోబోయాను. రాజకీయాల్లో ఎవరైనా చేసేది అదే. నాకు జీతమిచ్చేది అందుకే.

"పెట్టెయ్," అన్నారు సార్.

"జేబులోకేగా సార్?"

"గ్రూపుల్లోకి."

"ఏ ముక్క సార్?"

"మొత్తం."

"సార్... అమ్మోయ్ కూడానా?"

"నా కేక తీసేస్తే ఆయన మాట కూడా పోతుందన్నావు కదయ్యా. పెట్టెయ్. నా చేతులింకా తడిగా ఉన్నాయి, నువ్వే నొక్కు."

నొక్కాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను అంతగా నిర్ఘాంతపోయింది లేదు. ఒక ఎమ్మెల్యే, నడుము లోతు నీళ్ళలో తను మునుగుతున్న దృశ్యాన్ని, తన చేతులతో, అంటే నా వేలితో, జనానికి పంపించడం! సాయంత్రానికి అది ఏలూరు, తాడేపల్లిగూడెం దాటి, నా లెక్క ప్రకారం చంద్రమండలం చేరింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు సార్ ఎక్కడికెళ్ళినా "నిలబడండి సార్, లోతు లేదు!" అన్న పలకరింపే. పెళ్ళి భోజనాల్లో సాంబారు గిన్నె పక్కన కూడా ఎవరో ఒకరు అనేవారు. సార్ మొదట్లో ముడుచుకుపోయేవారు. తర్వాత తర్వాత నవ్వడం నేర్చుకున్నారు. తర్వాతి నెల కరపత్రం మొదటి పేజీ తనే రాసుకున్నారు. మొదటి వాక్యం: "కిందటి నెల మీ ఎమ్మెల్యే నడుము లోతు నీళ్ళలో మునిగాడు." వెనక పేజీ ఖాళీగా వదిలేశాం.

సూర్యచంద్రం గారు కొత్త పడవ తెచ్చారు, నీళ్ళు ఇంకా నిండుగా ఉండగానే. ఈసారి లుంగీతో వచ్చారు. ఒక్కరే ఎక్కారు. ఆదిలక్ష్మి చేతులు కట్టుకుని, "ఇంకో చుట్టండి... ఆయ్, ఆ లోతు వైపు కూడా పోయి రండి," అని తిప్పింది. లుంగీ అంచు తడవలేదు. కొబ్బరికాయ కొట్టారు. వారం తిరక్కుండా మా ఆఫీసుకి ఒక కొర్రమీను వచ్చింది. మొసలంత ఉంది. వద్దంటే, "నా పడవలో పడిందండి, సగం ఎవరికీ ఇయ్యక్కర్లేదు," అని పెట్టి వెళ్ళింది.

సార్ బిల్లు మాత్రం ఇంకా సభ గడప తొక్కలేదు. కానీ మా ఆఫీసులో ఆ డెమో క్లాజు అమల్లో ఉంది, అదీ నా వీపు మీద. ప్రతి నెలా నేను రాసిన వార్తలు తీసుకెళ్ళి ముందు పెడితే, సార్ ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి, "దీన్ని ముందు ఎవరెక్కారయ్యా?" అంటారు. రాసినవాడే ముందు ఎక్కి, పొడిగా దిగితేనే అది అచ్చుకి వెళ్ళాలి. పీఏగా ఇన్నేళ్ళూ ఒడ్డున నిలబడి పడవలు తోయడమే నాకు తెలుసు. ఎక్కడం ఆదిలక్ష్మి నేర్పింది.

మొన్న "గుండుగొలను దగ్గర సర్వీసు రోడ్డు గుంటలు పూడ్చారు, ప్రయాణం వెన్నలా ఉంది" అని రాశాను. సార్ చదివి, మాట్లాడకుండా స్కూటరు తాళం నా చేతిలో పెట్టారు. వెళ్ళాను. తిరిగొచ్చాను. ప్రస్తుతం బోర్లా పడుకుని ఇది రాస్తున్నాను.

ఈ నెల కరపత్రంలో ఆ వార్త లేదు.