మాడిన ప్లగ్గు

ఆమెను వీధిలో అందరూ టెస్టుబల్బు అనేవారు. వైరు తగిలించిన చిన్న బల్బొకటి ఎప్పుడూ ఆమె చొక్కా జేబులో ఉండేది. కారులో కరెంటు ఎక్కడిదాకా వస్తోందో, ఎక్కడ ఆగిపోతోందో దానితోనే పట్టేసేది. కార్ల కరెంటు పని ఆమెది, ఇంజను పని తమ్ముడిది. షెడ్డు తండ్రి పెట్టింది. తప్పు చేస్తే చేతికేది దొరికితే దానితో బాదడమే ఆయన పని నేర్పిన తీరు. పాత ఫ్యాన్ బెల్టు దొరికిన రోజు అక్కాతమ్ముళ్లిద్దరికీ వెల్లకిలా పడుకునే యోగం ఉండేది కాదు. ఆయన పోయాక షెడ్డు చెరిసగం వచ్చింది గానీ, కోపం మాత్రం పంపకం లేకుండా మొత్తం తమ్ముడికే దక్కిందని వీధివాళ్లు నవ్వుకునేవారు. ఆమె నవ్వేది కాదు. బోల్టు ఊడలేదని వాడు విసిరిన స్పానర్లు ఆమె చెవి పక్కనుంచి పోయిన రోజులున్నాయి. ప్రతిసారీ వంగి, తీసి, మళ్లీ వాడి చేతికే ఇచ్చేది.

ఒక చలికాలం పొద్దున టాక్సీ డ్రైవరొకడు వచ్చాడు. మనిషి భారీ, నోరు అంతకన్నా భారీ.

"హీటర్ ఫ్యాను చచ్చిందమ్మా. అద్దం మీద ఆవిరి తుడుచుకోడానికే ఒక చెయ్యి పోతోంది."

"మోటారు పోయింది. మార్చాలి," అన్నాడు తమ్ముడు, ఉన్నచోటి నుంచి కదలకుండానే.

"నాడి పట్టకుండానే మందు రాసేస్తావా నాయనా?" అన్నాడు డ్రైవరు.

తమ్ముడి దవడ బిగుసుకోవడం ఆమె చూసింది. వెంటనే ముందు సీటు ఎదుట డ్యాష్‌బోర్డు కిందికి దూరి, వెల్లకిలా పడుకుని పని మొదలుపెట్టింది. ఫ్యూజు బాగానే ఉంది. మోటారు ప్లగ్గు ఊడదీసి బల్బు పెడితే వెలగలేదు. బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగి తగిలిస్తే మోటారు మూలుగుతూ తిరిగింది. వైరు వెంటే వెనక్కి వెతికితే, ఫ్యాను వేగం తగ్గించే రెసిస్టరు ప్లగ్గు కరిగి నల్లగా ముద్దయి కనిపించింది.

"మోటారు బతికే ఉంది. ప్లగ్గు మాడింది," అని కేకేసింది.

డ్రైవరు పకపకా నవ్వాడు. "పని అక్కది, పెత్తనం తమ్ముడిదీనా? నువ్వు టీలు మోసుకోరాదుటయ్యా!"

ఆ తరువాత తడిబట్టను బండకేసి కొట్టినట్టు ఒక చప్పుడు. వెంటనే ఇంకొకటి. ఆమె బయటికి వచ్చేసరికి డ్రైవరు మోకాళ్ల మీద ఉన్నాడు. చెవి చీలి, నెత్తురు కాలరులోకి కారుతోంది. తమ్ముడు జాకీ రాడ్డు మళ్లీ ఎత్తాడు. ఆమె అడ్డం వెళ్లింది. దెబ్బ ఎడమ ముంజేతి మీద పడింది. లోపల ఎముక పుటుక్కుమంది.

"తప్పుకో అక్కా! నిన్నూ చంపేస్తా!"

అన్నంత పనీ చేసేలా ఉన్నాడు. నేల మీదున్న వీల్ స్పానరు అందుకుని ఆమె వాడి మోకాలి మీద కొట్టింది. కూలిపోయాడు. రాడ్డు దూరంగా దొర్లింది. అయినా అదే మోకాలి మీద మళ్లీ కొట్టింది. ఆ రెండో దెబ్బ అక్కర్లేదని కొడుతున్నప్పుడే ఆమెకు తెలుసు.

ఫోను చేస్తే అంబులెన్సు వచ్చేసరికి ఆలస్యమవుతుందన్నారు. నెత్తురు ఆగేలా లేదు. డ్రైవర్ని అతని టాక్సీలోనే వెనక సీట్లో పడుకోబెట్టి, బట్ట మడిచి చెవికి నొక్కిపెట్టుకోమంది. తమ్ముణ్ణి రెక్కపట్టి ఈడ్చి ముందు సీట్లో కూలేసింది.

"వీణ్ణెందుకమ్మా ఎక్కించావ్?" డ్రైవరు వణికాడు.

"వాడి కాలూ విరిగిందన్నా. వాడు నోరెత్తితే రెండోది కూడా విరగ్గొడతా."

వీధి మలుపు తిరిగారో లేదో ముగ్గురి ఊపిరికీ అద్దం తెల్లబడింది. ఒంటిచేత్తో స్టీరింగు పట్టాలా, అద్దం తుడవాలా? కారు గోడకు రాసుకుంటూ ఆగింది.

"నా చెయ్యి లేవట్లేదురా. నువ్వే కలపాలి. ఆ మాడిన ప్లగ్గు కోసి పారేయ్. లోపలికొచ్చే వైరు, మోటారుకెళ్లే వైరు కలిపెయ్."

వాడు మోకాలు పట్టుకుని మూలుగుతూ వంగాడు. నెత్తుటి వేళ్లు వైరు మీద జారుతున్నాయి. పళ్లతో పైతొడుగు కొరికి మెలిపెట్టాడు. ఫ్యాను ఒక్కసారిగా గరగరమంటూ లేచింది. అద్దం అంచుల నుంచి రోడ్డు కనబడసాగింది.

తమ్ముడు చెవి రిక్కించాడు. "బేరింగు పట్టేస్తోందక్కా. మోటారు తిరగలేక ఎక్కువ కరెంటు లాగింది. ప్లగ్గు మాడింది అందుకే."

ఆమె విన్నది. నిజమే.

"అయితే నువ్వన్నదీ నిజమేరా," అంది కుడిచెయ్యి అడ్డంగా చాచి గేరు వేస్తూ.

వాడు రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. ఆమె ఒంటిచేత్తోనే ఆసుపత్రి దాకా నడిపింది.

డ్రైవరు బతికాడు గానీ ఆ చెవి వినికిడి పోయింది. పోలీసులు అడిగితే ఆమె ఏదీ దాచలేదు, తన రెండో దెబ్బతో సహా. తమ్ముడు జైలుకు పోయాడు. చెయ్యి అతుక్కున్నాక ఆ టాక్సీకి మోటారూ ప్లగ్గూ రెండూ కొత్తవి వేసింది. డ్రైవరు రిపేరుకు ఆమె దగ్గరికి తప్ప ఇంకెక్కడికీ వెళ్లలేదు. కాకపోతే షెడ్డు లోపలికి అడుగుపెట్టేవాడు కాదు, బయటే నిలబడేవాడు. అప్పుడప్పుడు బోల్టు మొరాయిస్తే ఆమె చేతిలో స్పానరు తనంతట తానే పైకి లేచేది. అది నేలమీద పెట్టి, కోపం చల్లారేదాకా వీధిలో తిరిగి వచ్చేది.

తమ్ముడు విడుదలై, వంగని కాలు ఈడ్చుకుంటూ షెడ్డు ముందుకొచ్చి ఆగాడు.

"లోపలికి రానా అక్కా?"

"పనికైతే వద్దురా. అన్నానికైతే ఇంటికి రా."

వాడు ఆ పూట రాలేదు. మర్నాడు వచ్చాడు.