జొన్నల మూటతో కొలిచిన సీటు

మా మామకు రెండే సీట్లున్న ఎర్రటి స్పోర్ట్స్ కారు ఒకటి ఉండేది. ఎత్తు తక్కువ, పొడుగెక్కువ, పైన గుడ్డ టాపు. పెళ్లయిన కొత్తలో, ఎర్రగుంట్ల నుంచి బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసరు దగ్గర కొన్నాడట. మామ పోయాక అది కోయిలకుంట్లలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు చేరింది. ఆదివారం ఆదివారం మా ఆయన దాన్ని తుడిచి, స్టార్ట్ చేసి, కాసేపు ఆ చప్పుడు విని ఆపేస్తాడు. ఎవరి పూజ వాళ్లదని నేనేమీ అనను.

ఆయనకు ఒకటే కోరిక. వాళ్ల నాయన తీసుకుపోయినట్టే, వాళ్లమ్మను ఆ కార్లో అహోబిలం తీసుకుపోవాలి. అత్తకూ ఆశే. మోకాళ్లే ఒప్పుకోవు. ఆ సీటు దాదాపు నేల మీదే ఉంటుంది.

"అది సీటా, బాయా? దిగినానంటే మళ్లా నన్ను తాడేసి చేదాల," అనేది.

అందుకని మా ఆయన కడపలో సీట్లు అమర్చే భాయ్‌ని పట్టుకుని, కొత్త కార్లలో వచ్చే ఎత్తు సీట్లు రెండు తెప్పించాడు. అవి బిగించగానే పాత పెద్ద స్టీరింగు మా ఆయన తొడలకు ఆనింది. చిన్న స్టీరింగు తెచ్చారు. అది పెడితే వెనకున్న పాత మీటరు కనపడలేదు. అంకెలు వెలిగే కొత్త మీటరు తెచ్చారు. దానికోసం డాష్‌బోర్డు కోశారు. కొత్త కోడలు ఒక్క పోపుల డబ్బా జరిపితే వంటిల్లంతా జరిగినట్టు. నాకు తెలుసు. ఈ ఇంట్లో ఆ డబ్బా జరిపింది నేనే.

కొలతలు నాకు అప్పజెప్పారు. నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు, మా అమ్మ రవికలు కత్తిరిస్తూ లెక్కలు నేర్పింది. ఇద్దరినీ తలుచుకుని దణ్ణం పెట్టుకునే టేపు పట్టాను. అత్తను ఒక్కసారి కూర్చుంటే చూద్దామన్నాం.

"పూజ గాకముందే కూచ్చుంటారా ఎవురన్నా? శనివారం పూజ జేసి, నిమ్మకాయలు తొక్కిచ్చినాంకే ఎక్కేది."

"ఊరికె సూసేదానికేమ్మా," అన్నాడు భాయ్.

"దేవునికి పెట్టకముందు రుచి జూస్తామా అప్పా?"

సరేనని అత్తంత బరువుండే జొన్నల మూట తెచ్చి సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టాం.

"సూడమ్మా, అచ్చం పెద్దమ్మ కూచ్చున్నట్టే ఉండాది!" అన్నాడు భాయ్.

"మాయమ్మ ఇంత గమ్ముగా యాడ కూచ్చుంటాది?" అన్నాడు మా ఆయన.

నేను మూట పైనుంచి టాపు దాకా కొలిచి, జానెడు ఖాళీ ఉందని ధైర్యంగా చెప్పాను. మూటకు తల ఉండదన్న సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

శనివారం పూజ చక్కగా జరిగింది. నిమ్మకాయలు చితికాయి. అత్త పట్టుచీర కట్టుకుని, మంచం మీద కూర్చున్నంత సులువుగా సీట్లో కూర్చుంది. మా ఆయన కళ్లు తడిశాయి. అంతలో భాయ్ టాపు మూశాడు. అత్త తల తగిలి గుడ్డ పైకి లేచింది. బయటినుంచి చూస్తే కారుకు బొప్పి కట్టినట్టుంది.

"రేయ్, నన్ను సంచిలో గట్టి తీస్కపోతాండావా?" అంది లోపలినుంచి అత్త.

మా ఆయన మొహం మాడిపోయింది. "ఇంగో వారం ఆగుమ్మా. సీటు కొంచెం దించుతా."

"దించితే మళ్లా బాయే గదరా. టాపు పీకెయ్."

"ఎండమ్మా!"

"మనింట్లో గొడుగు లేదా?"

గొడుగుంది. పట్టడానికి నేనున్నాను. సీట్ల వెనక సామాన్లు పెట్టుకునే సందులో, ఒళ్లో కొబ్బరికాయల సంచితో అడ్డంగా ఇరుక్కుని, అత్త తల మీద నల్ల గొడుగు పట్టాను. ఉత్సవమూర్తికి గొడుగు పట్టే భాగ్యం అందరికీ దొరకదు. కాళ్లు తిమ్మిరెక్కినా సరే, నాకు దొరికింది.

దారిలో ఏ గుడి కనపడినా అత్త చేతులు జోడిస్తుంది. మా సీమలో వానలకు కరువుగానీ గుళ్లకు లేదు. ఎర్రకారు, పైన గొడుగు, అద్దం కంటే ఎత్తున కూర్చుని అటూ ఇటూ దణ్ణాలు పెట్టే పెద్దావిడ. జనం కూడా తిరిగి దణ్ణాలు పెట్టడం మొదలెట్టారు. ఆళ్లగడ్డలో టీకొట్టు దగ్గర కారు నెమ్మదిస్తే ఒకాయన గ్లాసుతోనే ఎదురొచ్చాడు.

"ఏ పార్టీమ్మా మీది?"

"నరసింహస్వామి పార్టీ."

"గుర్తేంది?"

"సింహం. ఇంగేముంటాది?"

అప్పటికే ఖాళీ బిందెతో ఒకామె వచ్చి తలుపు పట్టుకుంది. "మా వీదికి కొళాయి నీళ్లు రాక శానా దినాలాయమ్మా. గెలిసినాంక మర్సిపోవద్దు."

"ఓట్లకు రాలేదు తల్లీ. అయినా సామికి చెప్తాలే," అంది అత్త.

మాట తప్పలేదు. అహోబిలం సన్నిధిలో ఆమె పక్కన నిలబడి విన్నాను. మా ఆయన పేరు, నా పేరు చెప్పి, ఆ తర్వాత ఆళ్లగడ్డలో టీకొట్టు పక్క వీధికి నీళ్లు రావాలని మొక్కుకుంది. నేనూ కళ్లు మూసుకుని ఆ మొక్కులో చేరాను.

తిరుగుదారిలో మా ఆయన మెల్లగా అన్నాడు. "మా, వచ్చే వారం సీటు సన్నం జేపిచ్చి, టాపు సరిజేపిస్తా."

"ఏం వొద్దు. ఆ పొద్దు మీ నాయన పక్కన ఆ బాయిలో గూచ్చోని పోతే, నాకు కనపడింది ఆ పాత మీటరొకటే. దోవంతా ఆ ముల్లునే సూసుకుంటా పోయినా. బాగుండాదా అని ఆయన అడిగితే, బాగుండాది అంటి. నల్లమల ఇట్లుంటాదని ఈ పొద్దే సూస్తాండా."

మా ఆయన కారు ఇంకా నెమ్మదిగా పోనిచ్చాడు.

అత్త బెల్టు సడలించుకుని, కష్టంగా వెనక్కి తిరిగింది. నా అవస్థ చూసి కాదు.

"మేయ్, గొడుగు పక్కకు దియ్. కొండ కనపళ్లా."

తీశాను.