రెండో పరికరం

మా ముత్తాత ఊరికి మునసబు. శిస్తు లెక్కకు వచ్చిన తాసిల్దారు మా అరుగు ఎక్కే ముందు చెప్పులు విప్పేవాడట. మా తాత కాలానికి నాలుగు ఊళ్ళ తగాదాలు మా వసారాలో తెగేవి. ఆయన మాట ఇచ్చాక కాగితం అడిగినవాడు లేడు. మా నాన్న పత్తి మిల్లు పెట్టాడు, పొగాకు ఆరబెట్టే బ్యారన్లు కట్టించాడు, రెండూ పోగొట్టుకున్నాడు. నేను గుంటూరులో ఒక విత్తనాల ఆఫీసులో ఇరవై ఆరేళ్ళు కంప్యూటరు ముందు కూర్చుని పనిచేశాను. ఎవరి ముందూ చేయి చాచలేదు. ఇంటిపేరు అడిగితే ఇప్పటికీ నిటారుగా నిలబడి చెబుతాను.

ఆ పేరుకు మిగిలింది పర్చూరు అవతల మా ఊళ్ళో ఎకరం పది సెంట్ల చేను. ముత్తాత, తాత, నాన్న అక్కడే వరసగా ఉన్నారు. మూడు సమాధుల మీదా ముందు ఇంటిపేరే చెక్కించారు. వాటి పక్కన, గుర్తు రాయి కూడా లేని చోట, మా మేనత్త కొడుకు ఉన్నాడు. మూడో ఏట జ్వరం వచ్చి పోయాడు. అత్తయ్యకు మళ్ళీ పిల్లలు పుట్టలేదు. ఆవిడను ఇచ్చింది ఆ ఊళ్ళోనే కనుక, ఇన్నేళ్ళుగా శుక్రవారం పొద్దున వెళ్ళి ఆ చోట కలుపు పీకి వస్తుంది.

పంపకాల్లో ఆ చేను నా తమ్ముడి పేరున రాశారు. వాడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తాడు. అప్పట్లో అత్తయ్యకు ఫోను కొనిచ్చి, మెయిలు పెట్టించి, మొదటి మెయిలు వాడే పంపాడు. "అత్తా, చేను నా పేరున ఉన్నా అందరిదీ. నువ్వు సరేననకుండా అమ్మను." అత్తయ్య నాకు రెండుసార్లు చూపించింది.

మొన్న మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజుల్లో ఆవిడ ఫోన్ చేసింది.

"ఒరేయ్, చేలో కొలతలేస్తున్నార్రా. కోల్డ్ స్టోరేజీ కడతారంట. నేనొద్దంటే ఎల్లుండి పెద్దమనుషులు కూర్చుంటన్నారు. నీ తమ్ముడి ఉత్తరం చూపిద్దామంటే ఫోన్లో లేదు."

"ఏం నొక్కావు?"

"నేనేం నొక్కలా."

"నొక్కకుండా ఎట్లా పోతుందత్తయ్యా?"

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. రోడ్డుకు రెండు వైపులా కల్లాలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఊరు దగ్గరపడే కొద్దీ ఆ ఘాటుకు బస్సులో అందరూ దగ్గుతున్నారు. ముందు చేనుకే వెళ్ళాను. కొయ్యలు పాతి సున్నంతో గీతలు గీశారు. ఒక గీత సమాధులను తప్పించి, సరిగ్గా కలుపు పీకి శుభ్రం చేసిన చోటి మీదుగా పోయింది.

అత్తయ్య ఇంట్లో కూర్చుని ఫోను తీసుకున్నాను. చెత్తబుట్ట చూశాను, ఖాళీ. స్పామ్ చూశాను. 'ఎకరం' అని, 'చేను' అని వెతికాను. లేదు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు చెప్పినట్టు ఆవిడకు పాఠం మొదలుపెట్టాను. చూడకుండా నొక్కితే ఇలాగే అవుతుందని, తీసేసిన మెయిలు నెల దాటితే బుట్టలోంచి కూడా పోతుందని.

ఆవిడ చేతులు నా ముందు చాపింది. "చూడు. యాభై ఏళ్ళు మిరపకాయలకు తొడిమలు తీసిన వేళ్ళు. రేషను మిషన్లోనే ముద్ర పడదు. నీ ఫోను నా వేలికి పలుకుద్దా? కణుపుతో పొడిస్తేగానీ తెరుచుకోదు. ఇంక నేనేం చెరిపానురా, నీ మొహం!"

నవ్వి మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళింది.

తమ్ముడు పంపిన మెయిళ్ళు ఇంకా మూడు కనిపిస్తున్నాయి. అమరావతి గుడి దగ్గర దిగిన ఫోటోలు ఒకటి, పండగ శుభాకాంక్షలు ఒకటి, కరెంటు బిల్లు సంగతి ఒకటి. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూస్తే రెండే ఉన్నాయి. నేను వేలు పెట్టలేదు. ఫోను బల్ల మీద ఉంది. లోపల కవ్వం చప్పుడు వినిపిస్తోంది. చూస్తుండగానే ఫోటోల మెయిలు కూడా మాయమైంది.

ఈ మెయిలు ఎక్కడెక్కడ తెరిచి ఉందో చూపించే పేజీకి వెళ్ళాను. రెండు పరికరాలు ఉన్నాయి. మొదటిది నా చేతిలోని ఫోను. రెండోది ఒక కంప్యూటరు, హైదరాబాదు. పక్కన 'ఇప్పుడే' అని ఉంది. ఆ కంప్యూటరుకు పెట్టుకున్న పేరు మా ఇంటిపేరు, ఇంగ్లిషు అక్షరాల్లో.

పాస్‌వర్డ్ మార్చాలంటే పాతది కావాలి. అడిగితే అత్తయ్య గోడ మీది క్యాలెండరు తిప్పి చూపించింది. వెనక పాస్‌వర్డ్ ఉంది, తమ్ముడి చేతిరాతే. మార్చేశాను, రెండో పరికరాన్ని తీసేశాను. పోయినవి ఇప్పించమని మెయిలు కంపెనీకి రాశాను. శాశ్వతంగా తొలగించినవి తిరిగి తేలేమని సాయంత్రానికే జవాబు వచ్చింది. ఆ ఉత్తరం ఇంకెక్కడన్నా ఉంటే, పంపినవాడి దగ్గరే ఉండాలి.

"ఎవరన్నా తీశార్రా?" అంది అత్తయ్య.

"కంపెనీ వాళ్ళ దగ్గర ఏదో తేడా వచ్చినట్టుంది."

ఆవిడ క్యాలెండరు వైపు చూసింది. "నేను చెరపలేదు గదా?"

"నువ్వు చెరపలేదు."

"ఆ ముక్కే రేపు నలుగురిలో చెప్పు. ఉత్తరం చదివినోడివి నువ్వు."

పెద్దమనుషులు పంచాయతీ ఆఫీసులో కూర్చున్నారు. తమ్ముడు ఫోన్లో స్పీకరు మీద మాట్లాడాడు. "అత్తకు పెద్దతనం అండీ. నేనెప్పుడూ అట్లా రాయలేదు."

"ఏమ్మా, ఉత్తరం ఎలకలు కొట్టేసినయ్యా?" అని ఒకాయన అంటే అందరూ నవ్వారు. తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు కంప్యూటరు తెలిసినవాడివి. మెయిలు ఉందా లేదా చెప్పు బాబూ."

లేచి నిలబడ్డాను. వాళ్ళ తండ్రులు మా వసారాలో చేతులు కట్టుకుని నిలబడినవాళ్ళు. వాళ్ళ ముందు రెండో పరికరం పేరు పలకాలి. నా నోట మా ఇంటిపేరు అలా పలకడం నా వల్ల కాలేదు.

"దొరకలేదండీ" అన్నాను.

స్పీకరులో తమ్ముడు ఊపిరి వదలడం వినిపించింది. అత్తయ్య నా వైపు చూడలేదు. ఫోను కొంగులో ముడి వేసుకుని ముందుగా లేచి వెళ్ళిపోయింది.

ఉగాదికి ముందే రిజిస్ట్రేషన్ అయింది. దస్తావేజు నకలు నేను తెప్పించుకుని చూశాను. అమ్మినది మెట్ట ఎకరం పది సెంట్లు, బోరు ఒకటి, వేపచెట్లు రెండు, సమాధులు మూడు.