గిట్టనివాళ్ల సాక్ష్యం

కోవిల్‌పట్టిలో మా పెద్దమ్మ వేరుశనగ మిఠాయి చేసేచోట పాకం కాచేది. మావాళ్లలో ఎవరికి సంబంధం చూడాలన్నా వాకబుకు ఆమెనే పంపేవారు. ఆమె పెళ్లికొడుకు చుట్టాల గడప తొక్కేది కాదు. అతనితో మాటల్లేని వాళ్ల ఇల్లెక్కడో కనుక్కుని, అక్కడికి వెళ్లి మంచినీళ్లు అడిగేది. గిట్టనివాళ్లు కూడా ఒప్పుకున్నదే నిజమని ఆమె లెక్క.

నేను విరుదునగర్‌లో చరిత్ర బి.ఏ. చదువుతుండగా, యేసు అనే మనిషి అసలు పుట్టనే లేదని క్లాసులో ఒకడు వాదించాడు. ఆదివారం చర్చి నుంచి వస్తూ పెద్దమ్మతో చెప్పాను. ఆమె బెదరలేదు.

"యేసు సామంటే గిట్టనోళ్లు ఎవురన్నా ఆయన గురించి రాసినారా, పాపా?"

రాశారన్నాను. క్రైస్తవులంటే అసహ్యపడే రోమా చరిత్రకారుడొకడు, వాళ్ల క్రీస్తును గవర్నరు చంపించాడని రాశాడు.

"ఇంకేమి? లేనోణ్ని ఎట్ల సంపుతారు? గిట్టనోడే సాచ్చి సెప్పినాడు గదా."

"మరి తిరిగి లేచింది?"

"అది వాడు సెప్పడు. అది నేను నమ్మేది," అంది కొంగు సర్దుకుంటూ.

మొన్న పెద్దమ్మ పోయింది. పాస్టరుగారు చాలాసేపు పొగిడారు. అది నాకు చాల్లేదు. ప్రహరీగోడ తగాదాతో ఏళ్ల తరబడి ఆమెతో మాట్లాడని ఎదురింటి ముసలామె గుమ్మంలో కూర్చుని ఉంది. వెళ్లి మంచినీళ్లు అడిగాను.

చెంబు అందిస్తూ ఆమె అంది: "మీ పెద్దమ్మది సెడ్డ నోరు. అయినా మాకు మాటల్లేనప్పుడే నా కూతుర్ని అడగొచ్చినోళ్లు ముందు ఆయమ్మ దగ్గిరికే పోయినారు. ఆ పెండ్లి ఆయమ్మ మాటతోనే అయింది."